పోపు వేస్తే అలారం మోగే ఇళ్లు

అమెరికాలోని తెలుగు ఇల్లాలు పగలంతా చేసే పని జీతాల లెక్కలోకి రాదు, పింఛను లెక్కలోకీ రాదు. ఆ పనేమిటో, అంత చదువుకున్న మనిషి చేతికి అదొక్కటే ఎలా మిగిలిందో చెప్పే ప్రయత్నం ఇది.

అమెరికాలో చాలా అద్దె అపార్ట్‌మెంట్ల వంటగదుల్లో పొయ్యి మీద చిమ్నీ ఉండదు. దాని చోట మైక్రోవేవ్ ఓవెన్ బిగించి ఉంటుంది. దాని అడుగున చిన్న ఫ్యాను. చాలా ఇళ్లలో ఆ ఫ్యాను పొగను బయటికి పంపదు, ఒక ఫిల్టర్ గుండా లాగి మళ్లీ గదిలోకే వదులుతుంది. వంటగదికీ హాలుకీ మధ్య గోడ ఉండదు. హాలంతా కార్పెట్. ఎండుమిర్చి, ఇంగువ నూనెలో పడ్డాయంటే ఆ ఘాటు సోఫాకీ కర్టెన్లకీ తలుపు పక్కన తగిలించిన చలికోట్లకీ పట్టేస్తుంది. ఈలోగా పైకప్పుకున్న స్మోక్ అలారం అందుకుంటుంది. కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి నేర్చుకునే మొదటి విద్య, ఒక చేత్తో పొయ్యి ఆపి రెండో చేత్తో అలారం కింద తువ్వాలు ఊపడం.

సొంతిల్లు కొనుక్కున్నాక వంట సగం ఇంటి బయటికి వెళ్లిపోతుంది. చేపల పులుసు, రొయ్యల వేపుడు, గారెలు, పిండివంటలు అన్నీ వెనక పెరట్లో గ్యాస్ సిలిండర్ పొయ్యి మీదే. చలికాలంలో దాన్ని గరాజ్‌లోకి లాక్కొచ్చే ఇళ్లూ ఉన్నాయి (ఇది మాత్రం వద్దు. మూసిన గరాజ్‌లో గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, దానికి వాసన కూడా ఉండదు). టెక్సస్‌లో మనవాళ్లు ఎక్కువగా కొనే కొత్త కాలనీల్లో ఇప్పుడు బిల్డర్లే అసలు వంటగది వెనక తలుపున్న చిన్న వంటగది ఇంకొకటి కట్టిస్తున్నారు. ముందున్నది చుట్టాలకి చూపించడానికి, వెనకున్నది వండుకోవడానికి. మన పాత ఇళ్లలో వంటిల్లు దొడ్డివైపు ఎందుకుండేదో ఇన్నాళ్లకు వాళ్లకీ తెలిసొచ్చింది.

చదువు బీటెక్, చేతిలో గరిటె

ఆ తువ్వాలు ఊపే అమ్మాయిది తక్కువ చదువేం కాదు. బీటెక్, ఎంసీఏ, ఫార్మసీ, దంతవైద్యం చదివినవాళ్లు, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తూ పెళ్లయ్యాక రాజీనామా పెట్టి విమానమెక్కినవాళ్లు వేలమంది. 1990 నాటి వలస చట్టం హెచ్-1బీ వీసాకు రూపమిచ్చింది. ఆ వీసా మీద వెళ్లిన ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చేది హెచ్-4. దాని మీద ఉన్న మనిషి చదువుకోవచ్చు, కారు నడపవచ్చు, గుడిలో సేవ చేయవచ్చు, పిల్లల బడిలో గ్రంథాలయం సర్దిపెట్టవచ్చు. జీతం మాత్రం పుచ్చుకోకూడదు. సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు. అది లేకపోతే అమెరికాలో సొంత పేరున అప్పుల చరిత్ర మొదలవడమే కష్టం. పన్ను కాగితాల కోసం ఇచ్చే ఐటిన్ నంబరు ప్రధానంగా ఆ కాగితాలకే పనికొస్తుంది.

2015 మే 26న ఒక కిటికీ తెరుచుకుంది. భర్త గ్రీన్‌కార్డు దారిలో యజమాని పెట్టే ఐ-140 దరఖాస్తు ఆమోదం పొందితే భార్య పని అనుమతి కార్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చని ఒబామా ప్రభుత్వం నిబంధన తెచ్చింది. మనవాళ్లు ఈఏడీ అని పిలుచుకునేది ఆ కార్డునే. తొలి ఏళ్లలో అది అందుకున్నవాళ్లలో తొంభై శాతానికి పైగా భారతీయులు, దాదాపు అందరూ ఆడవాళ్లు. అయితే ఐ-140 దాకా రావడానికే పెళ్లయ్యాక ఏళ్లు పడుతుంది. గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న పరిమితి ఉండటంతో భారతీయుల క్యూ తరాలు దాటేలా ఉంది. ఇక ఆ నిబంధన మీద సేవ్ జాబ్స్ యూఎస్‌ఏ అనే సంస్థ 2015లోనే వేసిన కేసు దాదాపు పదేళ్లు నడిచింది. 2024 ఆగస్టులో వాషింగ్టన్ అప్పీలు కోర్టు నిబంధన చెల్లుతుందంది, 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి నిరాకరించింది. హమ్మయ్య అనుకునేలోపే, అదే నెల 30 నుంచి, కార్డు పునరుద్ధరణ దరఖాస్తు పెట్టినవాళ్లకు పాత కార్డు గడువు తనంతట తాను పెరిగే సౌకర్యాన్ని ప్రభుత్వం ఎత్తేసింది. కొత్త కార్డు ఆలస్యమైతే ఉద్యోగం వదిలి మళ్లీ ఇంట్లో కూర్చోవాలి.

ఇంట్లో ఉండటమంతా వీసా చలవే అంటే అది పూర్తి నిజం కాదు. పౌరసత్వం వచ్చాక కూడా కోరి ఇంట్లో ఉన్నవాళ్లు ఉన్నారు. డేకేర్ ఖర్చు చూసి ఆగిపోయినవాళ్లు ఇంకా ఎక్కువ. 1993 నాటి కేంద్ర చట్టం పురిటికి ఇచ్చేది 12 వారాల సెలవు, అదీ జీతం లేకుండా, అదీ అర్హత ఉన్నవాళ్లకే. అమెరికన్ తల్లుల సంగతే చూడండి. ఉద్యోగానికి వెళ్లకుండా ఇంట్లో ఉన్న తల్లులు 1999లో 23 శాతం ఉంటే 2012 నాటికి 29 శాతమయ్యారని ప్యూ రీసెర్చ్ సెంటర్ లెక్కకట్టింది. తేడా ఒక్కటే. వాళ్లు రేపు మనసు మార్చుకుంటే ఎల్లుండి ఉద్యోగం వెతుక్కోవచ్చు.

2010 నుంచి 2017 మధ్య అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారని జనగణన వివరాల ఆధారంగా తేలింది. ఈ అంకె బయటికొచ్చినప్పుడు మన పత్రికలన్నీ సంబరపడ్డాయి. ఇంట్లో తెలుగు మాట్లాడేది ఎక్కువగా ఎవరు, పొద్దస్తమానం పిల్లలతో ఉండేదెవరు అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేసినట్టు లేదు.

వేరుశనగ పచ్చడికి బడిలో చోటు లేదు

ఆమె రోజు తెల్లవారకముందే మొదలవుతుంది. అమెరికా బడుల్లో మధ్యాహ్న భోజనం అందరికీ మధ్యాహ్నమే ఉండదు. పిల్లల సంఖ్యను బట్టి తరగతులను వంతులవారీగా పంపుతారు కాబట్టి కొందరు పదిన్నర, పదకొండుకే తినేస్తారు. ఇచ్చే సమయం ఇరవై, పాతిక నిమిషాలు. అందులోనే వరసలో నడిచి వెళ్లడం, డబ్బా మూత తీయడం, కబుర్లు, మిగిలింది చెత్తబుట్టలో వేయడం. ఆరేళ్ల పిల్లాడు ఆ వ్యవధిలో పప్పన్నం కలుపుకుని తినడం జరిగే పని కాదు. అందుకే తెలుగు తిండి అక్కడ చుట్టలు చుట్టుకుని, ముక్కలై, చేతికి అంటకుండా తయారైంది. దోసెను చుట్టి మూడు ముక్కలు చేస్తారు. చపాతీలో బంగాళాదుంప కూర పెట్టి మడుస్తారు. చిన్న ఇడ్లీలకు నెయ్యి, కారప్పొడి పట్టించి ఇస్తారు.

ఆ కారప్పొడి దగ్గరే ఇంకో చిక్కు. అలర్జీల భయంతో చాలా బడులు వేరుశనగ, జీడిపప్పు, బాదం వస్తువులు తేవద్దంటాయి, లేదా అవి లేని బల్ల ఒకటి వేరుగా పెడతాయి. పల్లీ చట్నీ, పల్లీ పొడి, పల్లీలు వేసిన పులిహోర, పల్లీ ఉండ, అంటే మన టిఫిన్ల ఆధారం సగం కొట్టుకుపోయినట్టే. 2021లో తెచ్చిన ఫాస్టర్ చట్టంతో 2023 జనవరి 1 నుంచి నువ్వులు కూడా ప్రధాన అలర్జీ పదార్థాల జాబితాలో తొమ్మిదోదిగా చేరాయి. నువ్వుల పొడి కూడా అనుమానితుల వరసలోకి వచ్చేసింది. ఇక మిగిలినవి పుట్నాల పొడి, కందిపొడి, కరివేపాకు పొడి. వంట ఆపద్ధర్మం అంటే ఇదే.

డబ్బా తెరవగానే పక్కపిల్లలు ముక్కు మూసుకున్నారనీ, మనవాడు సిగ్గుతో తినకుండా తెచ్చాడనీ చెప్పే కథ మీరు వినే ఉంటారు. అది 1980లు, 90ల నాటి పిల్లల అనుభవం. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో, న్యూజెర్సీ ఎడిసన్‌లో, కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో ఇప్పుడు తరగతిలో మన పిల్లలు ఒకరిద్దరు కాదు. ఇడ్లీకి బదులు పక్కవాడి పరాఠా ఇచ్చిపుచ్చుకునే బేరాలు నడుస్తున్నాయి. పెద్ద బాధల్లా ఇంటికొచ్చాక మొదలవుతుంది. ఒకడికి పాస్తా కావాలి, ఒకత్తెకు పెరుగన్నం కావాలి, ఆయనకు వేపుడు లేకపోతే ముద్ద దిగదు. ఒకే పొయ్యి మీద మూడు దేశాల వంట.

ఇక్కడ మగవాళ్లను ఒక మాట అనక తప్పదు. ఎంఎస్ చదువుకి వచ్చిన రోజుల్లో నలుగురు కుర్రాళ్లు ఒక అపార్ట్‌మెంట్‌లో వంతులు వేసుకుని, ఫ్రిజ్ మీద చీటీ అంటించి మరీ వండుకున్నవాళ్లే. చికెన్ కూర, టమాటా పప్పు, గుడ్డు పులుసు అద్భుతంగా చేసేవాళ్లు. పెళ్లి ముహూర్తానికి ఆ విద్య ఎక్కడికి పోతుందో తెలీదు. ఆ తర్వాత వేసవిలో నలుగురు మిత్రులు వచ్చినప్పుడు పెరట్లో గ్రిల్ మీద చికెన్ కాల్చడం మాత్రం మిగులుతుంది. దానికి ముందురోజు మసాలా పట్టించేదీ, తర్వాత గిన్నెలు తోమేదీ ఎవరో చెప్పనక్కర్లేదు.

కుండీలో కరివేపాకు, పెరట్లో గోంగూర

వంటకన్నా ముందు సరుకుల వేట ఒకటుంది. 1974లో షికాగో డెవాన్ ఎవెన్యూలో పటేల్ బ్రదర్స్ మొదటి కొట్టు తెరిచినప్పుడు అమెరికాకు వెళ్లిన తెలుగువాళ్లకు కందిపప్పు దొరకడమే పండగ. ఇవాళ ఒక మోస్తరు ఊళ్లో కూడా సోనా మసూరి ఇరవై పౌన్ల బస్తాల్లో వస్తుంది. మునక్కాయలు, తురిమిన కొబ్బరి, గోంగూర మంచుగడ్డల్లా ఫ్రీజర్ అరల్లో ఉంటాయి. అంత నిండుగా ఉన్న సరఫరా ఎంత పలుచనిదో 2023లో తెలిసింది. ఆ జులై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని భారత ప్రభుత్వం నిషేధించగానే అమెరికాలో మన కొట్ల ముందు బారులు తీరారు. ట్రాలీ నిండా బస్తాలు పేర్చుకుపోయినవాళ్లను చూసి కొట్లవాళ్లు ఇంటికి ఒక్క బస్తానే అని బోర్డు పెట్టారు. నిషేధం పూర్తిగా తొలగింది 2024 సెప్టెంబర్ చివర్లో. ఈలోగా కాస్ట్‌కోలో దొరికే పొడుగు బియ్యంతో పప్పన్నం తిన్న ఇళ్లలో పిల్లలకేం పట్టలేదు గానీ పెద్దవాళ్లకు అన్నం తిన్నట్టు లేదట.

కరివేపాకుది మరీ విచిత్రమైన కథ. ఇండియా నుంచి పచ్చి రెబ్బ తెస్తే విమానాశ్రయంలో తీసి పారేస్తారు. కారణం నారింజ. నిమ్మజాతి చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును ఒక చిన్న పురుగు మోసుకొస్తుంది, ఆ పురుగుకు కరివేపాకు చెట్టంటే ప్రాణం. 2005లో ఫ్లోరిడాలో ఆ తెగులు బయటపడి నారింజ తోటలను దెబ్బతీసింది, 2012లో కాలిఫోర్నియాలో కనిపించింది. అప్పటినుంచి నారింజ పండే రాష్ట్రాలకు మొక్కలు పంపడం మీద కట్టడి. అందుకే కరివేపాకు మొక్క అక్కడ డబ్బుపెట్టి కొనే అపురూపం. చలి మొదలవగానే కుండీని లోపలికి మోసుకొచ్చి కిటికీ దగ్గర పెట్టాలి, ఆకులన్నీ రాలి మోడైతే బెంగపడాలి, ఏప్రిల్‌లో చిగురు వేస్తే వాట్సాప్‌లో ఫొటో పెట్టాలి. ఊరికెళ్లేటప్పుడు కుక్కపిల్లను అప్పజెప్పినట్టు పక్కింటి తెలుగావిడకు అప్పజెప్పి వెళ్లాలి.

గోంగూర కొంచెం నయం. మార్చిలో ఇంట్లో మొలకెత్తించి, మంచు భయం పోయాక పెరట్లో నాటితే అక్టోబర్ దాకా కోసుకోవచ్చు. మెక్సికోవాళ్లు హమైకా అని ఎర్రటి చల్లని పానీయం చేసుకునేది ఎర్ర గోంగూర కాయల మీది ఎర్ర రేకులతోనే. వాళ్ల కొట్లో ఆ ఎండు రేకులు కిలోల్లెక్కన దొరుకుతాయి. బర్మావాళ్లకు గోంగూర ఆకు నిత్యం కావాలి. బర్మా శరణార్థులు ఎక్కువగా స్థిరపడ్డ ఇండియానాపోలిస్ వంటి చోట్ల వాళ్ల కొట్లలో గోంగూర కట్టలు చూసి మన ఆడవాళ్లు పరుగెత్తుతారు. కొట్టామెకు తెలుగు రాదు, మనకు బర్మీస్ రాదు, బేరం మాత్రం చక్కగా కుదురుతుంది. ఆగస్టు వచ్చిందంటే ఏ తెలుగు పెరట్లో చూసినా సొరకాయలు, బీరకాయలు, దోసకాయలు మితిమీరి కాస్తాయి. చెప్పకుండా వచ్చి ఇంటి గడప ముందు సంచి పెట్టిపోతారు. ఆ పంట పన్నులేని ఏకైక ఆదాయం.

ఆరు నెలలు అమ్మ, ఆరు నెలలు అత్తగారు

ఆవకాయ ఎప్పుడు పెట్టాలో, పిండి ఎందుకు పులవలేదో చెప్పేవాళ్లు పక్కన లేని కాపురం ఇది. చలి దేశంలో ఇడ్లీపిండి పొంగదు. ఓవెన్‌లో లైటు వేసి గిన్నె లోపల పెట్టి రాత్రంతా ఉంచాలని ఒకరినుంచి ఒకరు నేర్చుకున్నారు. ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు కుక్కర్ వచ్చాక పెరుగు తోడుకోవడానికిచ్చిన బటన్ మీద పిండి పులియబెట్టుకోవడం మనవాళ్లు కనిపెట్టిందే.

పెద్దదిక్కు వచ్చేది పురిటికే. సందర్శకుల వీసా మీద వచ్చినవాళ్లను సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. కాబట్టి తెలుగు ఇళ్లలో ఒక పద్ధతి స్థిరపడిపోయింది. తొలి ఆరు నెలలు అమ్మ, తర్వాతి ఆరు నెలలు అత్తగారు. బాలింత పథ్యం, వెల్లుల్లి కారం, కాయం పొడి అమ్మ సంచిలో వస్తాయి. వాళ్లు కారు నడపలేరు, బస్సుండదు, మాట్లాడేవాళ్లుండరు. పగలంతా అద్దాల కిటికీలోంచి ఖాళీ వీధి చూస్తూ ఫ్రీజర్ నిండా కూరలు వండి వెళ్తారు. ఆ విమానాశ్రయం వీడ్కోలు తర్వాత ఏడాది బిడ్డతో ఇల్లాలు ఒంటరిగా మిగులుతుంది. అమెరికా తెలుగు ఆడవాళ్ల దిగులు గురించి మాట్లాడేటప్పుడు వీసా సంగతి చాలామంది చెప్తారు, ఈ రెండో ఏడాది సంగతి ఎవరూ చెప్పరు. నాకైతే అదే కష్టమైన ఏడాది అనిపిస్తుంది.

హాఫ్ ట్రే పులిహోర

ఇంత వండే చేతికి నాలుగు డాలర్లు సంపాదించే దారి లేదా? ఉంది, దానికీ ఒక తలుపుంది. పుట్టినరోజులకు, సత్యనారాయణ వ్రతాలకు అల్యూమినియం ట్రేల లెక్కన వంట చేసిచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. హాఫ్ ట్రే పులిహోర, ఫుల్ ట్రే గుత్తివంకాయ, వంద బొబ్బట్లు అని ఆర్డర్లు నడుస్తాయి. ఇంటి వంట అమ్ముకోవడానికి రాష్ట్రాల చట్టాలు మెల్లగా దారిచ్చాయి. కాలిఫోర్నియాలో 2013 జనవరి నుంచి కొన్ని రకాలు ఇంట్లో చేసి అమ్మవచ్చు. ఇంట్లో కాల్చిన రొట్టెలూ బిస్కెట్లూ అమ్ముకోనివ్వని చివరి రాష్ట్రం న్యూజెర్సీ, అది 2021 అక్టోబర్‌లో ఒప్పుకుంది. టెక్సస్‌లో 2011లో మొదలై, 2019లో పచ్చళ్ల మీద ఆంక్షలు సడలి, 2025 సెప్టెంబర్ 1 నుంచి మాంసం, చేప వంటివి మినహా చాలా వంటకాలు ఏడాదికి లక్షన్నర డాలర్ల దాకా అమ్ముకునే వీలొచ్చింది.

రాష్ట్రం ఒప్పుకున్నా వీసా ఒప్పుకోవాలి. పని అనుమతి లేని హెచ్-4 మనిషి ఒక్క ట్రే అమ్మినా అది అనుమతిలేని పనే, రేపు గ్రీన్‌కార్డు కాగితాలకు అడ్డు రావచ్చు. అందుకని అదే చేత్తో గుడి అన్నదానానికి రెండొందల మందికి వండితే సేవ, స్నేహితురాలి ఇంట శ్రీమంతానికి వండితే ప్రేమ, డబ్బు తీసుకుంటే వీసా ఉల్లంఘన. తెలుగు సంఘాల వేడుకల్లో, వారాంతపు మనబడి తెలుగు తరగతుల్లో, పాట్‌లక్ బల్లల మీద కనిపించే వంటలో చాలాభాగం ఇలా ఉచితంగా పుట్టిందే.

సోషల్ సెక్యూరిటీ పింఛను సొంతంగా రావాలంటే 40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ల సంపాదన కావాలి. పొయ్యి దగ్గర గడిచిన ఇరవై ఏళ్లకు ఒక్క క్రెడిట్ కూడా రాదు. భర్త పింఛనులో గరిష్ఠంగా సగం దాకా భార్యగా వస్తుంది, విడాకులైతే ఆ పెళ్లి పదేళ్లు నిలిచి ఉండాలి. ఈ నిబంధన మనవాళ్లలో చాలామందికి అవసరం పడినరోజునే తెలుస్తోంది.

కాబట్టి అమెరికాలో ఉన్న కొడుకులకూ అల్లుళ్లకూ ఒక మనవి. పండక్కి పట్టుచీర కొనండి, కాదనం. దాంతోపాటు ఇంటి కాగితాల మీద ఆమె పేరు చేర్చండి. ఒక క్రెడిట్ కార్డులో ఆమెను కలపండి. వారంలో రెండు రోజులు ఎంఎస్ నాటి గరిటె మళ్లీ పట్టండి. దంపతులు ఉమ్మడిగా పన్ను రిటర్న్ వేస్తే సంపాదన లేని భార్య పేరున కూడా భర్త సంపాదనలోంచి ఐఆర్‌ఏ పదవీ విరమణ ఖాతాలో డబ్బు వేయవచ్చు. యాభై ఏళ్లలోపు వాళ్లకు 2025లో ఆ పరిమితి 7,000 డాలర్లు.